నాగాయలంక దారిలో కరెంటు

"ముందు ఆ సెంటు డబ్బా తీసేయండి."

గేటు దగ్గర వీల్‌చెయిర్‌లో కూర్చుని స్టెల్లా యేసుబాబుతో అన్న మొదటి మాట అది.

అతను కారు డ్యాష్‌బోర్డు మీదున్న మల్లెపూల సెంటు డబ్బాను దిగులుగా చూశాడు. "కొత్తదండీ మేడమ్. నిన్ననే పెట్టాను."

"అయితే దానికి నా సంతాపం. ఆ వాసన పీలిస్తే ఇక్కణ్ణుంచి బెంజి సర్కిల్ దాకా దగ్గుతూనే ఉంటాను."

అతను డబ్బా తీసి ప్రహరీ గోడ మీద పెట్టాడు. తర్వాత ఆక్సిజన్ మెషిన్ అందుకుని డిక్కీ వైపు నడిచాడు.

"అయ్యో, అది డిక్కీలో కాదు! దానికి గాలాడాలి. నా పక్కనే ఉండాలి, నిలబెట్టి."

"ఓహో. అయితే ఈయన కూడా ప్యాసింజరేనన్నమాట" అంటూ దాన్ని వెనక సీట్లో నిలబెట్టి, బుద్ధిగా సీటు బెల్టు పెట్టాడు.

నవ్వకూడదనుకుంది స్టెల్లా. నవ్వింది. వెంటనే దగ్గొచ్చింది.

రెండేళ్ళ కిందట వచ్చిన న్యుమోనియా తగ్గిపోయింది కానీ, పోతూ పోతూ ఆమె ఊపిరితిత్తుల నిండా మచ్చలు మిగిల్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ బాటనీ లెక్చరర్ ఇప్పుడు భవానీపురంలో ఇంటి నుంచే ఆన్‌లైన్ పాఠాలు చెబుతోంది. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, పక్కన గుర్రుమనే ఆ చిన్న మెషిన్. పది అడుగులు నడవగలదు. పదకొండో అడుగుకి కుర్చీ కావాలి.

ప్రతి గురువారం పటమటలోని ఒక ఆసుపత్రిలో ఊపిరి వ్యాయామాలు. తండ్రి శౌరయ్య ముప్పై రెండేళ్ళు ఆర్టీసీలో బస్సు నడిపినవాడే. చూపు మందగించి స్టీరింగు వదిలేయాల్సొచ్చింది. అందుకే పేషెంట్లను జాగ్రత్తగా తీసుకెళ్తాడని పేరున్న యేసుబాబును పిలిచారు. స్టీరింగు వదిలినా, ముందు సీట్లో కూర్చునే శౌరయ్య నోరు మాత్రం డ్రైవింగు వదల్లేదు.

"ఏమోయ్, గేరు మారిస్తే సీట్లో ఉన్నవాడికి తెలియకూడదు."

"అలాగే బాబాయ్ గారూ."

"ఆ గుంత నీకు కనపడిందా? నాకే కనపడింది!"

"మీకు కనపడిందంటే అది చెరువై ఉంటుంది బాబాయ్ గారూ."

అలా ఆరు నెలలు. యేసుబాబు ఏ వీధిలో స్పీడ్ బ్రేకర్ ఎత్తుగా ఉందో గుర్తుపెట్టుకున్నాడు. కుదుపొస్తే ఆమెకు దగ్గొస్తుందని చుట్టు తిరిగి వెళ్ళేవాడు. తోవలో కనపడిన ప్రతి చెట్టుకూ స్టెల్లా పేరు చెప్పేది. అతను వారం తిరిగేసరికి సగం మర్చిపోయి, అడిగి తిట్లు తినేవాడు. మర్చిపోయాడా, నటిస్తున్నాడా అని ఆమెకు అనుమానం.

ఒకరోజు బ్యారేజీ దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు, అద్దంలోంచి అడిగాడు. "మీకు బాగా ఇష్టమైన చెట్టేదండీ?"

"మడ చెట్టు. నాగాయలంక దాటాక సముద్రం అంచున ఉంటాయి. బురదలో గాలందక వేళ్ళను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటాయి. వాటి మీదే పీహెచ్‌డీ మొదలుపెట్టాను." ఆమె కిటికీలోంచి కృష్ణ నీళ్ళ వైపు చూసింది. "ఇంక వెళ్ళేదేముందిలెండి."

అద్దంలో అతని కళ్ళు కాసేపు తిరిగి రోడ్డు మీదకు వెళ్ళలేదు. వెనక లారీ హారన్ కొట్టాక వెళ్ళాయి.

ఆగస్టులో డాక్టరు నవ్వుతూ చెప్పారు. "బావుందమ్మా. ఇక వారం వారం రానక్కర్లేదు. మూడు నెలలకోసారి చాలు."

అంత మంచి వార్తకి ఎవరైనా ఏడుస్తారా? ఇంటికొచ్చే దారంతా స్టెల్లా ఒక్క చెట్టు పేరూ చెప్పలేదు. గేటు దగ్గర యేసుబాబు కుర్చీ దించి, మెషిన్ ఆమె ఒళ్ళో పెట్టాడు.

"మంచిదేనండి. ఆరోగ్యం జాగ్రత్త" అన్నాడు.

అంతే. ఆరు నెలల గురువారాలకు ఆరు మాటలైనా రాలేదు అతని దగ్గర.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. వీధిలో ఏ కారు ఆగినా ఆమె పాఠం మధ్యలో ఆగిపోయేది. "మేడమ్, నెట్ పోయిందా?" అని పిల్లలు అడిగేవారు. గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి అలవాటుగా తయారై కూర్చునేది. కూర్చున్నాక, ఎక్కడికీ వెళ్ళేది లేదని గుర్తొచ్చేది. ఫోన్ తీసేది, పెట్టేసేది. ముక్కుకి గొట్టం ఉన్న మనిషి ఒకబ్బాయికి ఫోన్ చేసి ఏమని చెబుతుంది? బెంగగా ఉంది, బండి తీసుకురండి అనా?

మూడు వారాలు బిగబట్టి చివరికి చేసింది. "నాగాయలంక వెళ్ళాలి. వచ్చే గురువారం కుదురుతుందా?"

"గురువారం... కుదరదండీ. శనివారం వస్తాను."

ఫోన్ పెట్టేశాక ఆమెకు ఒళ్ళు మండింది. గురువారాలకి కొత్త పేషెంటు దొరికిందన్నమాట! ఆవిడకు మొక్కల పేర్లు తెలుసో లేదో.

శనివారం మబ్బు పట్టి ఉంది. డిక్కీలో మడత కుర్చీ, అత్యవసరానికి చిన్న సిలిండర్ కదలకుండా పట్టీ వేసి, వెనక సీట్లో బెల్టు పెట్టుకున్న మెషిన్. ఉయ్యూరు దాటేదాకా స్టెల్లా నోరు విప్పలేదు. పామర్రు దగ్గర ఇక ఆగలేకపోయింది.

"గురువారం పేషెంటెవరండీ?"

"ఉన్నారండీ" అన్నాడు యేసుబాబు. చెవులు ఎర్రబడ్డాయి.

"బాగా మాట్లాడతారా?"

"ఈమధ్య నాతో తక్కువేనండీ."

శౌరయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "రోడ్డు చూడవోయ్" అన్నాడు.

అవనిగడ్డ దాటాక వాన ఎత్తుకుంది. రొయ్యల మేత లారీ ఒకటి బురదలో దిగబడి రోడ్డుకి అడ్డంగా ఉంది. ముప్పావుగంట నిలబడిపోయారు. అప్పుడు మెషిన్ కీచుమని అరిచింది. కారు ప్లగ్గులోంచి ఎక్కాల్సిన చార్జింగు ఎక్కడం లేదు. ఫ్యూజు కొట్టేసింది. బ్యాటరీ అడుగంటుతోంది.

"రెండో బ్యాటరీ తియ్యమ్మా" అన్నాడు శౌరయ్య.

స్టెల్లా బ్యాగంతా వెతికింది. చేతులు ఆగిపోయాయి. ప్రయాణం హడావిడిలో దాన్ని ఫ్రిజ్ పక్కన చార్జింగులోనే వదిలేసింది. చీర మూడుసార్లు మార్చింది కానీ బ్యాటరీ సంగతి గుర్తులేదు.

శౌరయ్య వేళ్ళ మీద లెక్కేశాడు. "సిలిండర్ గంటన్నర కంటే రాదు. ఇంటికెళ్ళాలంటే రెండు గంటల పైనే. ఏమోయ్, ఏం చేద్దాం?"

"కంగారు పడకండి బాబాయ్ గారూ." యేసుబాబు సిలిండర్ తెచ్చి, గొట్టం మార్చి, ఆమె వేలికి ఆక్సిజన్ మీటరు తొడిగాడు. తొంభై మూడు. "రెండు కిలోమీటర్లలో కరెంటుంది."

కారు వెనక్కి తిప్పి, ఎవరినీ దారి అడక్కుండా రొయ్యల చెరువుల మధ్య గట్టు మీదకి ఎక్కించాడు. చివర రేకుల షెడ్డు. చెరువు నిండా ఏరేటరు చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. షెడ్డులోంచి కాపలా ఆయన గొడుగుతో వచ్చాడు.

"మళ్ళీ వచ్చావా బాబూ! ఈ గురువారం రాలేదేంటా అనుకున్నా. ఈవిడేనా?"

స్టెల్లా యేసుబాబు వైపు తిరిగింది. అతను చాలా శ్రద్ధగా కుర్చీ విప్పుతున్నాడు.

షెడ్డు కరెంటుతో మెషిన్ మళ్ళీ గుర్రుమన్నాక శౌరయ్య ఊపిరి పీల్చుకుని, కాపలా ఆయనతో టీ పెట్టించడానికి షెడ్డు వెనక్కి వెళ్ళాడు. రేకుల మీద వాన మోత. ఇద్దరే మిగిలారు.

"ఆ చక్రాలెందుకు తిరుగుతున్నాయి?" అంది స్టెల్లా, అడగాల్సింది అడగలేక.

"నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు పైకి తేలతాయండీ. అందుకే ఇక్కడ కరెంటు పోయినా జనరేటరుంటుంది. అవనిగడ్డలో రైసు మిల్లు, మోపిదేవి ఇవతల పెట్రోలు బంకు, చల్లపల్లిలో చర్చి హాలు... అన్నీ అడిగి పెట్టాను."

"ఎప్పుడు?"

"గురువారాలు."

"ఎవరి కోసం? నేను పిలవలేదు కదా."

"ఎప్పుడైనా పిలుస్తారేమోనని." అతను నేల వైపు చూస్తున్నాడు. "ఆ రోజు వేరే బేరానికి వెళ్ళబుద్ధి కాలేదండీ. ఎనిమిదిన్నరకి బండి తుడుచుకుని కూర్చునేవాణ్ణి. మీ గేటు ముందుకి రావడానికి సాకు లేదు. అందుకని ఇటు వచ్చేవాణ్ణి. మొన్న గురువారం చల్లపల్లి చర్చి హాలు అడగడం మిగిలింది, అందుకే ఆ రోజు కుదరదన్నాను."

స్టెల్లాకి ఊపిరి ఆడలేదు. ఈసారి తప్పు ఊపిరితిత్తులది కాదు.

"ఇది నయమయ్యేది కాదు, తెలుసా? ఎక్కడికెళ్ళినా ప్లగ్గు వెతుక్కోవాలి. కొన్నేళ్ళకి ఇంకా ఎక్కువ కావచ్చు. నాకు జాలి వద్దు యేసుబాబు గారూ."

"నయం కాదని డాక్టరు గారు మీకు చెప్పినప్పుడు తలుపు పక్కనే ఉన్నానండీ. తెలుసు." తలెత్తాడు. "జాలైతే మిమ్మల్ని గేటు దగ్గర దించి హాయిగా నిద్రపోయేవాణ్ణి. నిద్రే పట్టడం లేదు."

"మరి ఆ రోజు 'ఆరోగ్యం జాగ్రత్త' అని పోయారేం?"

"ఇంకేమన్నా అంటే మీ నాన్నగారు హ్యాండు బ్రేకు లాగేస్తారని."

నవ్వింది, దగ్గింది, కళ్ళు తుడుచుకుంది. అతను నీళ్ళ సీసా అందించాడు. సీసాతోపాటు ఆ చేతినీ పట్టుకుంది.

టీ గ్లాసులతో వచ్చిన శౌరయ్య గుమ్మంలో ఆగిపోయాడు. చూపు మందమే కానీ అంత మందం కాదు. లోపలికొచ్చి గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టాడు.

"ఇదిగో. ఇవాళ్టి నుంచి నన్ను బాబాయ్ అనకు."

యేసుబాబు ముఖం పాలిపోయింది. "తప్పైపోయిందండీ..."

"బాబాయ్ అంటే నువ్వు దానికి అన్నవవుతావురా వెర్రివాడా! వచ్చే ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మీ అమ్మగారిని తీసుకుని ఇంటికి రా. మాట్లాడుకోవాలి." తర్వాత గొంతు తగ్గించాడు. "బండి మాత్రం... మెత్తగానే నడుపుతావులే."

బ్యాటరీ నిండి, ఫ్యూజు మార్చేసరికి వాన వెలిసింది, లారీ కూడా దారిచ్చింది. నాగాయలంక దాటి రేవు చేరారు. ఏటి అవతల మడ అడవి, కడిగినట్టు పచ్చగా. మెత్తటి మట్టిలో కుర్చీ చక్రాలు దిగబడ్డాయి.

"ఇక్కణ్ణుంచి చూద్దామా?"

"ఊహూఁ. నడుస్తాను."

అతను మెషిన్ భుజానికి తగిలించుకున్నాడు. గొట్టం పొడవు రెండు బారలైనా లేదు. ఆమె ఆగినచోట ఆగుతూ, ఆమె అడుగులో అడుగేస్తూ పక్కనే నడవాల్సిందే. పదో అడుగు దగ్గర ఆగింది. ఆయాసం తీర్చుకుంది. అతను తొందరపెట్టలేదు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని పదకొండో అడుగు వేసింది.

"మెల్లగావోయ్!" వెనక నుంచి శౌరయ్య కేక. ఇద్దరూ వినిపించుకోలేదు.