బిట్టర్న్ లేచిన ఉదయం

అక్టోబరు నెల. తెల్లవారుజామున ఏజెంట్ తబిత ఫోన్ మోగింది.

"బిట్టర్న్ దిగిందట," అన్నాడు చీఫ్ జయపాల్.

అది కోడ్ కాదు. నిజంగానే ఒక పక్షి పేరు. మొగల్తూరు అవతల, ఉప్పుటేటి పక్కనున్న కిక్కిస గడ్డి పొదల్లో కనిపించిందని పక్షుల వాట్సాప్ గ్రూపులో ఎవరో మెసేజ్ పెట్టారు.

"పెట్టింది దొంగ నంబరు. డాక్టర్ సత్యప్రసాద్ కోసం వేసిన ఎర."

సత్యప్రసాద్ క్షిపణి శాస్త్రవేత్త. ఆయన్ని చంపడానికి ఒక విదేశీ ముఠా ఆరు నెలలుగా కాచుకుని ఉంది. ఆయనకున్న బలహీనత ఒక్కటే, పక్షులు.

"వెళ్లొద్దని చెప్పలేదా సార్?"

"చెప్పాను. పదకొండేళ్లుగా ఆ పక్షి కోసం తిరుగుతున్నాడట. రాజీనామా అయినా ఇస్తాడట గానీ ఆగడట. షూటర్ తెల్లగడ్డం మనిషి అని రూబీ కబురు పంపింది."

రూబీ ముఠాలో ఉంటూ వీళ్లకు సమాచారం ఇచ్చే డబుల్ ఏజెంట్.

"ఆవిడ మన మనిషేనా సార్?"

"నెలలో సగం రోజులు."

ఏడు గంటలకు తబిత పడవమనిషి వేషంలో నేతచీర ఎగగట్టి, చేతిలో గెడతో దోనె నడుపుతోంది. ముందు సత్యప్రసాద్, కళ్లకు బైనాక్యులర్స్. గట్టు మీద పదిమంది పక్షి ప్రేమికులు. ఎడమ చివర తెల్లగడ్డం పెద్దాయన. కుడి చివర, నీళ్ల అంచునే, ఎర్రటి స్కార్ఫ్, నల్లకళ్లద్దాలతో రూబీ. ఆమె ముందు స్టాండు మీద పొడవాటి కెమెరా లెన్స్.

తబిత దోనెను కుడివైపుకి, గెడ చాస్తే రూబీకి అందేంత దగ్గరికి తిప్పింది. ఇప్పుడు గడ్డం మనిషికి డాక్టరు కనబడడు. మధ్యలో దట్టమైన కిక్కిస.

"కదపకమ్మా! అదుగో, గడ్డి ఊగుతోంది," గుసగుసగా అన్నాడు సత్యప్రసాద్.

ముఠా అబద్ధమనుకుని రాసిన పక్షి, చారల రెక్కలు విప్పుకుని నిజంగానే లేచింది!

గట్టు మీది లెన్సులన్నీ ఒక్కసారిగా ఆకాశానికి తిరిగాయి. తెల్లగడ్డం పెద్దాయనది కూడా.

ఒక్కటి తిరగలేదు. రూబీది.

అది డాక్టరు వైపే గురిపెట్టి ఉంది. అది కెమెరా కాదని తబితకి అర్థమైంది. డాక్టర్ని తనే తెచ్చి తుపాకీ ముందు పెట్టింది! కాలితో ఆయన్ని నీళ్లలోకి తోసేసి, గెడను బలంగా తిప్పింది. గెడ తగిలి లెన్స్ పక్కకి ఒరిగింది. 'టుప్' మని చిన్న చప్పుడు. విషపు సూది దోనె అంచులో దిగబడింది.

మరుక్షణం గట్టెక్కి రూబీ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసింది.

"ఎలా కనిపెట్టావు?" పళ్లు కొరుకుతూ అడిగింది రూబీ.

"అందరూ పక్షిని చూశారండి. మీరొక్కరే చూళ్లేదు."

రొమ్ములోతు బురదలోంచి సత్యప్రసాద్ తల పైకెత్తాడు.

"ఏంటమ్మా ఇది! పక్షి ఏదీ?"

"వెళ్లిపోయిందండి."

"నువ్వు నన్ను తోసినప్పుడేనా?"

"అవునండి."

పది నిమిషాల తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. "డాక్టరు గారు ఎలా ఉన్నారు?"

"క్షేమం సార్. ఒంటి మీద గీత కూడా పడలేదు," అంది తబిత. "నాతో మాట్లాడటం మాత్రం మానేశారు."