ఇక పడుకో, బుడంకాయా!

కారు ఆగింది గానీ, కునుకమ్మ ఇంకా నదిలోనే ఉంది.

ఆ నదిలో నీళ్ళు లేవు, అన్నీ మబ్బులే. కారు పడవలా మెల్లగా తేలుతోంది. వైపర్లు తెడ్లు వేస్తున్నాయి. కీచ్... కీచ్... అదిగో, అవతలి ఒడ్డు. ఇంకొంచెం...

"కునుకమ్మా! ఇల్లొచ్చింది, లే!" అంది అమ్మ.

కునుకమ్మకు స్కూల్లో వేరే పేరుంది. కారు ఎక్కిన నిమిషానికే కునుకు తీస్తుందని నాన్న ఈ పేరు పెట్టాడు. స్కూలు దగ్గర ఎక్కడం, ఇంటి దగ్గర లేవడం. మధ్యలో దారంతా కలలే.

కారుకూ ఓ పేరుంది, బుడంకాయ. చిన్నది, గుండ్రంగా ఉంటుంది, చవగ్గా దొరికింది. దాని అలవాట్లు దానికున్నాయి. వెనక ఎడమ తలుపు రెండుసార్లు వేస్తే గానీ పడదు. ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కమంటే ఆయాసపడుతుంది. వైపర్ల కీచు సంగతి వీధి వీధంతటికీ తెలుసు. అయినా పాపం, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వీళ్ళని దారిలో దింపేయలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కారు లోపల, పైకప్పుకున్న చిన్న లైటు తలుపులు మూసినా ఆరదు. బటన్ నొక్కి ఆర్పాలి. నిద్ర మత్తులో అందరికన్నా చివర దిగేది కునుకమ్మే కాబట్టి ఆ పని తనకే అప్పగించారు. లైటు ఆర్పాలి, కారును ఒకసారి తట్టాలి, "ఇక పడుకో, బుడంకాయా!" అని గట్టిగా చెప్పాలి. ఆ మాట వినబడితే చాలు, ఇంట్లో ఎవరూ మళ్ళీ వచ్చి చూడరు.

ఆ సాయంత్రం వాన పడుతోంది. అమ్మ సంచులు పట్టుకుని లోపలికి పరిగెత్తింది. బయట మసక మసకగా ఉంది. లోపల మాత్రం లైటు పచ్చగా, వెచ్చగా వెలుగుతోంది. అద్దాల మీద చినుకులన్నీ బంగారు చుక్కల్లా ఉన్నాయి.

'ఇప్పుడే ఆర్పడం ఎందుకు? తల తుడుచుకుని, దిండు తెచ్చుకుని ఇక్కడే పడుకుంటా' అనుకుంది కునుకమ్మ.

కిందికి దిగింది. అలవాటుగా చెయ్యి కారును తట్టింది. అలవాటుగా నోరు "ఇక పడుకో, బుడంకాయా!" అనేసింది.

లోపలికి వెళ్ళి తల తుడుచుకుంది. దిండు కూడా తీసుకుంది. తీసుకున్నాక దాని మీద తల ఆనించకుండా ఉంటుందా? అంతే, సోఫాలోనే నిద్రపోయింది.

మర్నాడు ఉదయం అందరూ తయారయ్యారు. అమ్మమ్మకు కంటి ఆపరేషన్ అయింది, ఆ రోజే కట్టు విప్పాలి. రెండో కంటికి చూపు అంతంత మాత్రమే. అమ్మమ్మ ముందు సీట్లో బుద్ధిగా కూర్చుంది. నాన్న తాళం తిప్పాడు.

టిక్... టిక్... టిక్...

అంతే. బుడంకాయ ఇంకేమీ అనలేదు.

వెనక సీట్లో ఉన్న కునుకమ్మ పైకి చూసింది. బటన్ ఆర్పకుండా అలాగే ఉంది. లైటు మాత్రం వెలగడం లేదు. రాత్రంతా వెలిగి వెలిగి బ్యాటరీ మొత్తం తాగేసింది. నాన్న బానెట్ తెరవడానికి దిగాడు, అమ్మ ఫోన్ చేస్తోంది. ఎవరూ చూడకుండా కునుకమ్మ ఒక్క వేలితో ఆ బటన్ నొక్కేసింది.

పక్కింటాయన తన పెద్ద కారు తెచ్చాడు. "ఈ అగ్గిపెట్టెలు ఇంతేనమ్మా!" అంటూ అమ్మమ్మను ఎక్కించుకున్నాడు. వాళ్ళు వెళ్ళేసరికి డాక్టరు ఇంకో ఆపరేషన్‌కి వెళ్ళిపోయింది. అమ్మమ్మ కంటికి కట్టుతో మధ్యాహ్నం దాకా బెంచీ మీదే కూర్చోవాల్సి వచ్చింది.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. తను తెచ్చిన బ్యాటరీకి వైర్లు కలపగానే బుడంకాయ బుర్రుమని లేచింది. అతను అంతా తడిమి చూశాడు.

"బ్యాటరీ బాగానే ఉంది. ఛార్జింగ్ కూడా ఎక్కుతోంది. లైటేమైనా వదిలేశారా మేడమ్?"

"లేదండీ. మా పాప ఆర్పింది. దానికి 'పడుకో' అని చెప్పింది కూడా, నా చెవులారా విన్నాను" అంది అమ్మ.

కునుకమ్మ తన కాలి బొటనవేలి వంక చూస్తూ నిలబడింది.

"మరైతే ఛార్జింగ్ ఎందుకు దిగిందో నాకూ తెలీట్లేదు సార్. మళ్ళీ దిగినా దిగొచ్చు" అన్నాడు మెకానిక్.

అతను వెళ్ళాక నాన్న బానెట్ మూశాడు. తర్వాత అన్నాడు. "చెడిపోతే బాగు చేయించుకోవచ్చు. ఎందుకు చెడిందో తెలీకపోతే ఏం చేస్తాం? అత్తయ్యను ఎక్కించుకున్నాక రోడ్డు మధ్యలో ఆగిపోతే? అమ్మేద్దాం."

కునుకమ్మ చెప్పేద్దామని నోరు తెరిచింది. కానీ అమ్మ మొహం చూసి మళ్ళీ మూసేసింది.

శనివారం మధ్యాహ్నం వెళ్ళి బుడంకాయలో కూర్చుంది. ఎప్పట్లాగే కునుకు పట్టింది. మళ్ళీ ఆ నదే, ఆ మబ్బులే. ఈసారి పడవ మాత్రం కదలడం లేదు. అవతలి ఒడ్డున ఎవరో కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వీళ్ళ కోసం చూస్తున్నారు.

"పదవే! ఎందుకు ఆగిపోయావు? చెప్పు!" అంది కునుకమ్మ.

టిక్... టిక్... అంది పడవ. దానికి అంతకన్నా మాటలు రావు.

మెలకువ వచ్చేసరికి చెంపలు తడిగా ఉన్నాయి.

ఆదివారం కారు చూడటానికి లైబ్రరీలో పనిచేసే ఒకావిడ వచ్చింది. నాన్న ఏదీ దాచలేదు. ఎడమ తలుపు గురించి చెప్పాడు, వైపర్ల గురించి చెప్పాడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం గురించి చెప్పాడు.

"ఇవన్నీ సర్దుకుపోయేవేలెండి. ఇంకేమైనా ఉందా?" అని అడిగింది ఆవిడ.

"మొన్నొక రోజు స్టార్ట్ కాలేదండీ. కారణం తెలీదు."

"నాకు తెలుసు" అంది కునుకమ్మ.

నాన్న, అమ్మ, ఆవిడ ముగ్గురూ తనవైపు తిరిగారు. కునుకమ్మ కారెక్కి బటన్ నొక్కింది. లైటు వెలిగింది. దిగి తలుపు వేసింది. పడలేదు, మళ్ళీ వేసింది. అద్దంలోంచి లైటు పచ్చగా కనబడుతూనే ఉంది.

"ఆ రాత్రి ఇలాగే వదిలేశాను. ఆర్పకుండానే పడుకోమని చెప్పాను. పొద్దున మీరు చూడకుండా బటన్ నొక్కేశాను." ఏడుపు తన్నుకొచ్చింది. "బుడంకాయ తప్పేం లేదు నాన్నా. అది మంచిదే. నేనే..."

లైబ్రరీ ఆవిడ కారు వంకా, నాన్న వంకా చూసి నవ్వింది. "ఇంక మీరు అమ్మేలా లేరు. వస్తానండీ" అని వెళ్ళిపోయింది.

అమ్మ నవ్వలేదు.

"అమ్మమ్మ అంతసేపు చీకట్లో కూర్చుందే! నాకు కోపంగానే ఉంది" అంది. తర్వాత, "నువ్వు ఆర్పావని అతనితో ఎంత గట్టిగా చెప్పానో" అంది మెల్లగా. ఆ రెండో మాటే కునుకమ్మకు ఎక్కువ గుచ్చుకుంది.

అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి ఒళ్ళో తల పెట్టుకుంది. అమ్మమ్మ అంతా విని, కిటికీలోంచి బయటికి చూసింది.

"అవునే, మన కారు పసుపుపచ్చా? ఇన్నాళ్ళూ తెలుపనుకున్నానే! ఎవరూ చెప్పలేదేమే?" అంది. కునుకమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

లైటు పని మాత్రం ఎవరూ తన దగ్గర్నుంచి తీసుకోలేదు. కాకపోతే ఆ వారమంతా తను కారు దిగినప్పుడల్లా కిటికీ తెర కొంచెం పక్కకు జరిగేది. తెర వెనక అమ్మ కళ్ళు కనబడేవి. తప్పు తనదే కాబట్టి కునుకమ్మ ఏమీ అనేది కాదు.

ఒక సాయంత్రం మళ్ళీ వాన పడింది. కునుకమ్మ మబ్బుల నదిలోంచి మేలుకుంది. అమ్మ సంచులతో అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. లైటు పచ్చగా వెలుగుతోంది. అద్దాల నిండా బంగారు చుక్కలే. ఒక్క నిమిషం వాటిని కళ్ళనిండా చూసుకుంది. తర్వాత బటన్ నొక్కింది. చుక్కలన్నీ మామూలు నీళ్ళయిపోయాయి.

దిగింది. తలుపు ఒకసారి వేసింది, రెండోసారి వేసింది. అద్దానికి ముక్కు ఆనించి లోపలంతా చీకటేనని చూసుకుంది. కారును తట్టింది.

"ఇక పడుకో, బుడంకాయా!"

చెప్పేసి, కిటికీ వైపు తిరిగింది. వానలో తడుస్తూ కొంచెంసేపు అలాగే చూసింది.

తెర కదల్లేదు. లోపల్నుంచి అమ్మ గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.