కనిపించని 3,141 లీటర్లు

సబ్బుల ఫ్యాక్టరీలో 3,141 లీటర్ల నూనె మాయమైంది. తీసింది తానేనని స్టోర్ కీపర్ నిన్ననే ఒప్పుకున్నాడు. ఎవరికి అమ్మాడో మాత్రం చెప్పడం లేదు.

ఉదయం 10:40. ఇన్‌స్పెక్టర్ కొత్త ట్యాంకు ముందు స్టూలు మీద కూలబడ్డాడు. వారంలో ఇది ఆరో కేసు. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. ఒప్పుకున్నవాడి కేసుకి కూడా కాళ్లరిగేలా తిరగాలా అని ఒళ్లు మండింది.

ట్యాంకు తలకిందులుగా నిలబెట్టిన కోన్. పైన వెడల్పు నాలుగు మీటర్లు. లోతు మూడు. అడుగున మొన. అంచు దాకా నూనె ఉంది.

"నూనె తెచ్చి ఇందులో పోసిన ట్యాంకర్ మీటర్ ఎంత చూపించింది?"

"12,566 లీటర్లండి," అన్నాడు మేనేజర్. "ఇందులో పట్టేది 9,425. మిగతాది పైపు దగ్గరే మళ్లించేశాడు."

"9,425 అని ఎవరు చెప్పారు?"

"నేనే లెక్కేశానండి. పైన వెడల్పు నాలుగు, కింద సున్నా. సగటు రెండు. పాత ట్యాంకులన్నిటికీ ఇలాగే వేస్తాం."

"అవి నిలువు గోడలవి కదా?"

"అవునండి."

"పంపు దగ్గర ఎవరున్నారు?"

"స్టోర్ కీపర్ తమ్ముడు. వాడికేం తెలియదని అన్నే రాసిచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో 3,141 అని రాసి చాలాసేపు చూశాడు. వృత్తాల లెక్కల్లో వాడే పై (π) విలువ 3.141. సరిగ్గా దానికి వెయ్యి రెట్లు. ఏ దొంగా ఇంత ముచ్చటగా కొలిచి పట్టుకెళ్లడు. ఈ అంకె కాగితం మీద పుట్టింది.

11:25కి అన్నదమ్ములిద్దరినీ పిలిపించాడు. అన్న చేతులకి బేడీలున్నాయి.

"ఏటవాలు గీతను నిలువు కడ్డీ చుట్టూ తిప్పితే ఈ ఆకారం వస్తుంది," అన్నాడు మేనేజర్‌తో నీరసంగా. "దాన్ని అడ్డంగా పల్చటి బిళ్లలుగా కోశామనుకోండి. ప్రతి బిళ్ల వైశాల్యం పై ఆర్ స్క్వేర్. అన్నీ కలపాలి. కాలేజీలో బట్టీ పట్టి మరిచిపోయిన ఇంటిగ్రేషన్ అదే. వెడల్పు రెట్టింపైతే బిళ్ల నాలుగు రెట్లవుతుంది. పైనున్న పెద్ద బిళ్లలు మీ సగటుకి దొరకవు. కలిపి చూశాను. 12,566 వచ్చింది. నూనె మొత్తం ఇందులోనే ఉంది. ఎవరూ చుక్క కూడా తీయలేదు."

ఇన్‌స్పెక్టర్ స్టోర్ కీపర్ వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు ఒప్పుకున్నావయ్యా?"

అతను తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడికి ముందు అర్థమైంది.

"నేను తీశాననుకున్నావా అన్నయ్యా?"

"నిన్ను జైల్లో చూడలేనురా."

"ఒక్క మాట నన్నడగాల్సింది."

తమ్ముడు గేటు వైపు నడిచాడు. బేడీలు తీయగానే అన్న వెనకాలే పరుగెత్తాడు. ఎంత పిలిచినా తమ్ముడు ఆగలేదు.

"సార్, రిపోర్టులో నష్టం ఎంతని రాయమంటారు?" అన్నాడు మేనేజర్.

"ఏమీ లేదని రాయండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాట ఆయనకే నచ్చలేదు.