నాన్నగారు ఫెయిలైన గురువారం

"మీ నాన్నగారి నోరు మీరే నొక్కేశారు, తెలుసా?"

కూర్చోమనైనా అనకుండా అంత మాట అనేసింది కిరణ్మయి. ఆల్బనీ క్యాంపస్ కెఫే అద్దాల మీద వాన ఏటవాలుగా కొడుతోంది. తడిసిన గొడుగు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు సృజన్.

"మాట్లాడాలి రమ్మని మెయిల్ పెట్టింది ఇందుకా?"

"ఇందుకే."

కిరణ్మయి స్పీచ్ థెరపీలో పరిశోధన చేస్తోంది. పక్షవాతంతో మాట దెబ్బతిన్నవాళ్ళకి ఇంటివాళ్ళే దుబాసీలుగా కూర్చుంటే ఏమవుతుందన్నది ఆమె విషయం. ఒప్పుకున్న కుటుంబాల సెషన్ల రికార్డింగులు ఆమెకు వస్తాయి. అందులో ఒకటి సృజన్ తండ్రి రామలింగేశ్వరరావు గారిది. ఒంగోలులో హెడ్మాస్టరుగా చేసి, భార్య పోయాక ఈ దేశంలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దమనిషి.

"పొద్దున ఏం చేశారని థెరపిస్ట్ అడిగింది. ఆయన 'తలుపు... పాలు... తలుపు... అది...' అన్నారు. మీరేమో ఇంగ్లీషులో, 'ఆరింటికి లేచి, డెయిరీకి నడిచి వెళ్ళి పాలు తెచ్చానంటున్నారు' అన్నారు! పూర్తి వాక్యాలు మాట్లాడుతున్నారని ఆవిడ రాసేసుకుంది. గురువారం ఆఖరి పరీక్ష, దాంతో థెరపీ ఆపేస్తారట!"

సృజన్ మొహం కందిపోయింది. "వేలమందికి పాఠం చెప్పిన మనిషండీ మా నాన్న. పరాయివాళ్ళ ముందు తడబడనివ్వమంటారా?"

"తడబడనివ్వాలి! వెళ్ళింది దానికేగా!"

"తెలుగు దుబాసీని వాళ్ళే పెట్టొచ్చుగా?"

"ఫారంలో అక్కర్లేదని టిక్కు పెట్టిందెవరు?"

ఒక్క క్షణం అతను తగ్గాడు. అంతలోనే కళ్ళెత్తి, "ఇది మీరు విన్నదెప్పుడు?" అన్నాడు.

"మూడు... మూడు వారాలైంది."

"మూడు వారాలు! అంటే మా నాన్న మీకు ఫస్ట్ క్లాస్ డేటా. ఆయన సెషన్లు ఒక్కొక్కటే అయిపోతుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ కూర్చున్నారు. నోరు నొక్కింది నేనొక్కడినేనా మేడమ్?"

గొడుగు విదిలించుకుని వెళ్ళిపోయాడు.

కిరణ్మయికి ఒళ్ళు మండిపోయింది. సగం కోపం అతని మీద, మిగతా సగం తన మీద. చికిత్సలో పరిశోధకులు జోక్యం చేసుకోకూడదన్న నియమం చాటున దాక్కుంది తను. ఆమె అమ్మమ్మకూ ఇలాగే మాట పోయింది. ఇంటిల్లిపాదీ ప్రేమగా మాటలు అందించారు. ఆవిడ అసలేం చెప్పాలనుకుందో ఎవరికీ తెలియకుండానే వెళ్ళిపోయింది. పోయినవాళ్ళని వెనక్కి పిలిచి అడగలేం కదా!

సాయంత్రమే తన గైడ్ గది తలుపు తట్టింది.

"క్లినిక్‌కి చెప్తే ఈ కుటుంబం నీ స్టడీలోంచి పోతుంది. ఏడాది పనిలో నీకు దొరికిన మంచి రికార్డింగ్ ఇది," అన్నారాయన.

"పోనివ్వండి సార్. మనిషి కంటే మంచిదా?"

గురువారం క్లినిక్‌కి ఆశాజ్యోతి అనే తెలుగు దుబాసీ వచ్చింది. ముందురోజే సృజన్ కిరణ్మయికి ఫోన్ చేశాడు.

"థ్యాంక్స్ చెప్పను. కోపం ఇంకా ఉంది. కానీ రేపు మీరు రావాలి. నేను నోరు తెరిస్తే కాలు తొక్కండి."

"హీల్స్ వేసుకుని వస్తాను," అంది కిరణ్మయి.

ఇంటినుంచి ఎలా వచ్చారని థెరపిస్ట్ అడిగింది. రామలింగేశ్వరరావు గారు పెదవులు కదిపారు. "కా... అది... చక్రం..." ఆగిపోయారు. కొడుకు గొంతుదాకా వచ్చింది 'కారు'. కిరణ్మయి కాలు తొక్కింది. ఆయన అన్నది అన్నట్టే, ఆగింది ఆగినట్టే చెప్పింది ఆశాజ్యోతి. అరగంటలో మూడుసార్లు తొక్కించుకున్నాడు సృజన్. మూడోసారి మాత్రం అతని కళ్ళనిండా నీళ్ళున్నాయి.

థెరపిస్ట్ కాగితాలు మూసి, క్షమించమంది. మరో పన్నెండు వారాలు థెరపీ రాసింది.

"నాన్నా, ఫెయిలయ్యారు!" అరిచేశాడు సృజన్.

ఒంగోలులో సగంమందిని ఫెయిల్ చేసిన ఆ హెడ్మాస్టరు కొడుకును గుర్రుగా చూశారు. తర్వాత సగం నోటితోనే నవ్వారు.

బస్ స్టేషన్ దాకా ఇద్దరూ ఆమెను దిగబెట్టడానికి వచ్చారు. వాన తుంపర పడుతోంది.

"మీ కోపం తగ్గిందా?" అడిగాడు సృజన్.

"లేదు. మీకు?"

"లేదు. మరెలా?"

"మీరిప్పుడు నా స్టడీలో లేరు. కాబట్టి రూల్స్ అడ్డురావు," అంది కిరణ్మయి వానకేసి చూస్తూ. "దగ్గరుండి కోప్పడొచ్చు."

సృజన్ గొడుగు ఆమె మీదికి జరిపాడు. ఈలోగా పెద్దాయన చెయ్యెత్తారు.

"అమ్మా... ఇం... ఇంటి..."

సిటీకి వెళ్ళే బస్సు వచ్చి తలుపులు తెరిచింది. ఎవరూ కదల్లేదు, ఎవరూ మాట అందించలేదు. బస్సు తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది.

"ఇంటికి... రా..." అన్నారాయన, ఊపిరి తీసుకుంటూ.

"వస్తాను అంకుల్."

ఆయన కాదన్నట్టు తల ఊపారు. చెప్పాల్సింది ఇంకా ఉంది. ఇద్దరూ వానలో నిలబడి ఎదురుచూశారు.

"రోజూ," అన్నారాయన.

ఆ ఒక్క మాటకి మాత్రం ఆయన తడబడలేదు.