దొరికినవారు ఈ అడ్రస్‌కి

ఫోన్ కట్ అయిన క్షణం నుంచీ ఆమె పరుగెడుతూనే ఉంది.

బస్ డిపో ఆవరణ. వాన. టైం ఏడుంబావు. దీపాలన్నీ వెలిగాయి గానీ దారి కనబడేంత వెలుతురు లేదు.

ఒక చేతిలో ఫోన్. ఇంకో చేతిలో ఎవరిదో చేతికర్ర!

కర్ర ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు. పోగొట్టుకున్న వస్తువుల కౌంటర్లో తలుపు పక్కన ఆనించి ఉంది. ఇనప పిడి. ఏ పెద్దాయనో బస్సులో మరిచిపోయి దిగిపోయాడు. ఆమె కట్టిన చీటీ ఇంకా దాని మెడకి వేలాడుతూనే ఉంది. తేదీ, బస్సు నంబరు, సీటు నంబరు.

చేతికందింది. పట్టుకుంది. అంతే.

అరగంటలో ఇంటికి తెచ్చిచ్చేస్తానన్నాడు ఫోన్లో మనిషి.

అరగంట...

అందులో నాలుగు నిమిషాలు అప్పుడే అయిపోయాయి!

డిపోలో ఆమెని అందరూ చీటీలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే కౌంటర్. గొడుగైనా, లంచ్ బాక్సైనా, ఒంటి చెప్పైనా సరే, చీటీ కట్టందే వదలదు. ఆవిడ దగ్గర కదలకుండా కూర్చోకండర్రా, మెడకో చీటీ తగిలించి అలమారులో పెట్టేస్తుంది అని డ్రైవర్లు ఆటపట్టిస్తారు.

గొడుగులతో పేచీ లేదు. పేచీ అంతా ఫోన్లతోనే. సొరుగునిండా ఫోన్లు. అన్నిటికీ లాకులు. సాయంత్రమయ్యేసరికి ఒక్కొక్కటే మోగుతాయి. పోగొట్టుకున్నవాళ్లు పక్కవాళ్ల ఫోన్ అడిగి తీసుకుని, తమ నంబరుకే చేస్తారు. ఆమె ఎత్తుతుంది. భద్రంగా ఉంది, వచ్చి పట్టుకెళ్లండి అంటుంది. సైలెంట్‌లో పెట్టినవి మాత్రం నోరు లేనట్టు పడి ఉంటాయి. నెలలకి నెలలు.

అందుకే ఆమెకో పట్టుదల. లాక్ తీయకుండానే స్క్రీన్ మీద కనబడాలి. ఇంట్లోవాళ్ల నంబరు. ఇంటి అడ్రస్.

నెల కిందట కూతురి కొత్త ఫోన్ మీద తనే కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేసింది. 'ఈ ఫోన్ దొరికినవారు దయచేసి మా అమ్మకి ఫోన్ చేయండి. లేదా ఈ అడ్రస్‌కి చేర్చండి.' కింద తన నంబరు. ఆ కింద వీధి, బిల్డింగు, మూడో అంతస్తు, ఎడమవైపు తలుపు.

"అడ్రస్ ఎందుకమ్మా?" అంది కూతురు.

"ఉండనీవే. పోయిన వస్తువుకి ఇల్లు తెలియాలి."

వస్తువుకి తెలిస్తే మనిషికీ తెలుస్తుంది!

ఆ ముక్క ఆమెకి అప్పుడు తోచలేదు.

ఆ మనిషి అల్లుడు.

ఏడాదిగా అతని కంటబడకుండా దాక్కుంటున్నారు తల్లీకూతుళ్లు. మొదట దాక్కున్న ఇంటికి కొరియర్ వాడిలా వచ్చాడు. గొంతు మార్చాడు. పార్సెల్ అండీ, సంతకం పెట్టాలండీ అన్నాడు. ఎంత మర్యాదో! తలుపు తీసిన పిల్ల ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంది. దవడకి తీగలు కట్టారు. మాట్లాడలేక కాగితం మీద రాసి చూపించింది. 'తలుపు నేనే తీశానమ్మా. తప్పు నాదే.'

ఆ కాగితం చదివిన రోజు ఆమె ఒట్టేసుకుంది. ఇంకోసారి దీని మీద చెయ్యి పడనివ్వను.

ఊరికి ఈ చివర ఇంకో ఇల్లు. ఇద్దరికీ కొత్త నంబర్లు. చుట్టాలకి కూడా చెప్పలేదు. ఇంట్లో ఒకటే రూలు. ఎవరు కొట్టినా తలుపు తీయకూడదు. అమ్మ గొంతు వినబడితేనే తీయాలి.

నెలరోజులు గడిచాయి. పిల్ల లైటార్పి పడుకోవడం మొదలుపెట్టింది. మొన్న టీవీలో ఏదో చూసి పకపకా నవ్వింది కూడా. వంటింట్లో ఉన్న తల్లి ఆ నవ్వు విని, గ్యాస్ ఆపేసి, నిలబడిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం కూతురు చెకప్‌కి వెళ్లింది. తిరిగొస్తూ బస్సులో ఫోన్ పారేసుకుంది.

ఆ సంగతి ఆమెకి తెలిసింది ఏడు గంటల తర్వాతే. ఎవరో ఫోన్ చేశాడు. పద్ధతైన గొంతు. వెనక వాన చప్పుడు. మీ అమ్మాయి ఫోన్ బస్సులో దొరికిందండీ, స్క్రీన్ మీద అడ్రస్ చూశాను, ఆ వీధి నాకు తెలుసు, అటే వెళ్తున్నాను, ఇచ్చేస్తాను అన్నాడు.

ఆమెకి ఎంత సంతోషమో! నేను చెప్పలేదూ, పనికొస్తుందని... అనుకుంది. మెట్ల దగ్గర బల్బు పోయింది నాయనా, చూసుకుని ఎక్కు అని జాగ్రత్త కూడా చెప్పింది.

అప్పుడన్నాడు.

"పిచ్చుకని కంగారు పడొద్దనండమ్మా."

కట్.

పిచ్చుక.

కూతురి ముద్దుపేరు. అది స్క్రీన్ మీద లేదు!

తను రాయలేదు. ఆ పేరు లోకంలో ముగ్గురికే తెలుసు. పెట్టిన తండ్రి పోయాడు. పిలిచే తల్లి ఇక్కడుంది. మూడోవాడు...

మూడోవాడు ఇంటికి బయల్దేరాడు!

తొమ్మిదో నంబర్ బస్సు కదులుతోంది. ఆమె అడ్డంగా వెళ్లి తలుపు పట్టుకుని ఎక్కింది.

డ్రైవర్ బాబాయ్ ఇరవై ఏళ్లుగా తెలిసినవాడు. కర్ర చూసి, ఎవర్ని కొట్టడానికి చీటీలక్కా అని నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"ఎక్కడా ఆపకు బాబాయ్. వాడు నా పిల్ల దగ్గరికి వెళ్తున్నాడు."

బాబాయ్ గేరు మార్చాడు.

మొదటి స్టాపు దాటిపోయింది. రెండోదీ దాటింది. సంచులతో నిలబడ్డ ఒకావిడ, మా ఇల్లు వెనకే ఉండిపోయిందయ్యా అని గోల పెట్టింది. బ్రేకుల మాట నాకు తెలియదు తల్లీ, కాస్త గట్టిగా పట్టుకో అన్నాడు బాబాయ్. ఆవిడ కడ్డీని కౌగలించుకుంది.

ఆమె ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

అతను చేసిన నంబరుకి... మోగుతోంది. ఎత్తడం లేదు.

కూతురి నంబరుకి... మోగుతోంది. అదీ అతని దగ్గరే ఉంది కదా!

ఇంట్లో ఇంకో ఫోన్ లేదు. కింది అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. నెలరోజులుగా ఎదురుపడితే నవ్వుకుంటారు. నంబరు తీసుకోలేదు. ఊళ్లోవాళ్ల గొడుగుల వివరాలన్నీ పుస్తకాల్లో రాసుకున్న మనిషికి, పక్కింటి నంబరు లేదు.

పోలీసులకి చేసింది. అవతలి గొంతు అడ్రస్ రెండుసార్లు రాయించుకుంది. వ్యాన్ ఫ్లైఓవర్ మీద యాక్సిడెంట్ దగ్గరుందట. పాతిక నిమిషాలు పడుతుందట. ఈలోగా మీరు లోపలికి వెళ్లకండి అంది.

ఈలోగా!

బస్సు ఆగిపోయింది.

ముందు ఎర్రలైట్ల వరస. కార్లు, లారీలు, హారన్లు. బాబాయ్ స్టీరింగు మీద అరిచేత్తో కొట్టాడు. ఫ్లైఓవర్ అక్కా, ఇది ఇప్పుడప్పుడే తెగదు అన్నాడు.

ఇంకా పదకొండు నిమిషాలే ఉన్నాయి.

దిగింది. పరుగు.

యాభై రెండేళ్లు. కుడి మోకాలు ఎప్పుడో అరిగిపోయింది. చెప్పు తెగింది. వదిలేసింది. రెండోది తనే విదిలించేసింది.

వాన కళ్లల్లోకి కొడుతోంది.

కూతురు ఈపాటికి అన్నం వండి ఉంటుంది. తలుపు చప్పుడు వింటుంది. తీయదు... తీయదు కదూ? వాడు గొంతు మారిస్తే? మీ అమ్మకి యాక్సిడెంటైందమ్మా అంటే?

తీస్తుంది!

అమ్మ పేరు చెబితే తీసేస్తుంది.

మలుపు తిరిగింది. బిల్డింగు.

గేటు ముందు బైక్!

నల్లది. ఇంజను మీద పడ్డ చినుకులు ఆవిరై లేస్తున్నాయి. ఇప్పుడే వచ్చాడు.

మెట్లు చీకటిగా ఉన్నాయి. ఒక్కో అంతస్తు ఒక్కో కొండలా ఉంది. ఊపిరి అందడం లేదు. మొదటి అంతస్తు. కుట్టు మిషను చప్పుడు. రెండోది. ఎవరింట్లోనో కుళాయి.

పైనుంచి...

టక్. టక్. టక్.

"తలుపు తియ్యమ్మా. నేనే."



చివరి మలుపు. తల ఎత్తి చూసింది. తన గుమ్మం ముందు వీపు. నల్ల రెయిన్ కోటు. తల మీద టోపీ. చంకలో హెల్మెట్. అదే ఒడ్డూ పొడుగూ. రెండో చేతిలో కూతురి ఫోన్. స్క్రీన్ వెలుగుతోంది.

అతను మళ్లీ చెయ్యెత్తాడు, తలుపు కొట్టడానికి.

ఆమె కర్ర రెండు చేతులా పట్టుకుంది.

నాలుగు మెట్లు. మూడు. రెండు.

అతను చప్పుడు విని తిరిగాడు.

"అమ్మా, మీరే..."

కొట్టింది!

ఇనప పిడి భుజం మీద పడింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్లీ కొట్టింది. ఈసారి తల మీద. దవడకి కట్టిన తీగలన్నీ, ఇరవై రాత్రుళ్లూ, ఆ కాగితమూ... అన్నీ ఆ దెబ్బలో ఉన్నాయి.

అతను తూలాడు. తడి గచ్చు మీద కాలు జారింది. ఆమె పక్కనుంచే, ఆమె ఎక్కొచ్చిన మెట్ల మీదుగా, కిందికి...

ఒక మెత్తటి చప్పుడు. తర్వాత ఒక గట్టి చప్పుడు.

హెల్మెట్ మాత్రం మెట్టు మెట్టుకీ దొర్లుకుంటూ చాలాసేపు వెళ్లింది.



ఆమె తలుపుకి నుదురు ఆనించింది. ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి.

"పిచ్చుకా, నేనే. తలుపు తియ్యి. అయిపోయింది తల్లీ. ఇంక రాడు."

గొలుసు తీసిన చప్పుడు. గడియ తీసిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. లోపలి లైటు మెట్ల మీద పడింది.

"ఏం చప్పుడమ్మా అది?" అంది కూతురు. "ఫోన్ తెచ్చినాయన వచ్చారు కదా, ఏరి?"

ఆమెకి అర్థం కాలేదు.

"నువ్వొచ్చేదాకా తీయననుకున్నాను. ఆయన చెప్పినా తీయలేదు. నువ్వు చెప్పినట్టే చేశానమ్మా."

ఆమె వెనక్కి తిరిగింది.

మెట్ల మలుపులో, వెలుతురు పడ్డచోట, ఒక మొహం.

అల్లుడు కాదు!

అరవై దగ్గరపడ్డ మనిషి. నెరిసిన మీసం. ఒక అద్దం పగిలిన కళ్లజోడు చెవికి వేలాడుతోంది. విచ్చుకున్న రెయిన్ కోటు కింద, కరెంటు మీటర్లు చూసి వెళ్లేవాళ్ల చొక్కా. జేబులో పెన్ను.

"నీ పేరు..." కూతురి వైపు తిరిగింది. "నీ పేరు ఆయనకెలా తెలుసే?"

"నేనే చెప్పాను. కింద టైలరక్క ఫోన్ అడిగి, నా నంబరుకే చేశాను. నీ కొత్త నంబరు నాకు నోటికి రాదుగా. ఆయనే ఎత్తారు. స్క్రీన్ మీద మీ అమ్మగారి నంబరుందమ్మా అన్నారు. అయితే ముందు ఆవిడకి చేసి చెప్పండి, పిచ్చుక ఫోన్ దొరికిందనండి, లేకపోతే భయపడి చచ్చిపోతుంది అన్నాను..."

మాట మధ్యలో ఆగిపోయింది. కూతురు మెట్ల కిందికి చూసింది.

పక్కవాళ్ల ఫోన్ అడిగి, తన నంబరుకే చేసింది.

సొరుగులో రోజుకి నలభైసార్లు మోగుతుందే... అదే! ఇరవై రెండేళ్లుగా తనే ఎత్తుతుందే... అదే!

ఆ ఒక్కటీ తట్టలేదు.

ఆమె మెట్లు దిగింది. ఎలా దిగిందో తెలియదు. ఆయన పక్కన కూలబడి మెడ మీద వేళ్లు పెట్టింది. ఎడమవైపు. కుడివైపు. నోటి దగ్గర చెయ్యి పెట్టింది. తన ఊపిరి తప్ప ఏదీ తగల్లేదు.

ఆయన అరచేతిలో ఫోన్ ఇంకా ఉంది. పడుతున్నప్పుడు కూడా వదల్లేదు. గీత కూడా పడలేదు దానికి.

ఎవరో తలుపులు తీస్తున్నారు. కుట్టు మిషను ఆగిపోయింది. దూరంగా సైరన్. దగ్గరవుతోంది. ఆమె పిలిచిన వ్యానే.

పైన గుమ్మంలో కూతురు రాయిలా నిలబడింది.

లేవాలి. దాన్ని దగ్గరికి తీసుకోవాలి. దాని కళ్లు మూయాలి. ఇది చూడకూడదు అది... ఇప్పుడిప్పుడే నవ్వడం మొదలుపెట్టింది.

ఆమె మెట్లెక్కింది. ఎడమచేత్తో గోడ పట్టుకుంది. కుడిచేయి చాచింది, కూతురి చెంప నిమరడానికి.

ఆ చేతిలో కర్ర ఇంకా ఉంది.

కూతురు వెనక్కి వెళ్లింది. గోడ తగిలింది. ఇంక వెళ్లడానికి చోటు లేదు. రెండు మోచేతులూ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. మూడేళ్ల కాపురంలో మొగుడి ముందు ఎలా పెట్టుకునేదో, అచ్చం అలాగే.

"కొట్టకండి," అంది.