అరువు గొంతు

"యంత్రం మనిషిని ఏమార్చకూడదు. ఎదుట మాట్లాడేది యంత్రమని చెప్పడం మన కనీస ధర్మం."

ధర్మం అన్నచోట చెయ్యి పైకెత్తి, ఆ ఎత్తడం బాగుందో లేదో అద్దంలో చూసుకున్నాడు అతను. కృత్రిమ మేధను జనం బాధ్యతగా వాడేలా చూసే సంఘానికి అధ్యక్షుడు. ఆ పొద్దున పెద్ద సభలో ఉపన్యాసం ఉంది. భార్య మాత్రం వెనకాల 'నీతిగారు' అంటుంది.

ముందు గదిలో అతని తల్లి ఫోన్లో తన అక్కతో కబుర్లాడుతోంది. చూపు మందగించాక ఆవిడకి ఆ ఫోనే పేపరు, ఆ ఫోనే టీవీ. ఫోన్ పెట్టేసి కోడలితో అంది:

"అక్క ఈమధ్య మరీ మంచిదైపోయిందే. నేనేమన్నా 'నువ్వన్నదే నిజం' అంటోంది. పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒప్పుకున్న మనిషి కాదు."

"వయసు మీద పడింది కదత్తయ్యా."

"వయసొస్తే మోకాళ్ళే వంగవు, ఇక మెడ వంగుతుందా?"

కోడలు నవ్వుకుంటూ తను పనిచేసే మందుల షాపుకి వెళ్ళింది. షట్టరు ఎత్తిందో లేదో ఫోన్ మోగింది. అవతల అత్తయ్య అక్కగారి కూతురు.

"అడగకూడదనుకున్నా వదినా. పిన్ని ఒక్కసారైనా రాదేం? పక్షవాతంతో మాట పడిపోయినా అమ్మకి అన్నీ తెలుస్తున్నాయి. తలుపు చప్పుడైతే చాలు, పిన్నేమో అని అటే చూస్తోంది."

"మాట పడిపోవడమేంటి?"

"అదేంటి, వానలకి ముందే అన్నయ్యకి చెప్పాగా! పిన్ని ప్రయాణం చెయ్యలేదన్నాడు."

ఆమె షాపు యజమానికి చెప్పి, వచ్చిన దారినే ఇంటికొచ్చింది. అతను బూట్లు వేసుకుంటున్నాడు.

"మాట పడిపోయిన పెద్దమ్మ పొద్దున అత్తయ్యతో ఎలా మాట్లాడిందండీ?"

అతను ముందుగా గది తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత, చిన్నపిల్లకి చెబుతున్నట్టు నవ్వాడు.

"పెద్దమ్మ పాత వాయిస్ మెసేజీలతో ఆ గొంతుతో మాట్లాడే యంత్రం తయారు చేయించాను. నిజం తెలిస్తే అమ్మ గుండె తట్టుకోదు. ఇందులో ఎవరికీ నష్టం లేదు. అమ్మ సంతోషంగా ఉంది, చూస్తున్నావుగా."

"అత్తయ్య గుండె కోసమా, మీ ఆదివారాల కోసమా? తీసుకెళ్తే సగం రోజు పోతుందనేగా?"

"ఇవి నీకర్థం కావు."

"బాగానే అర్థమైంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తను పోయి కుడితిలో పడిందట. ఆవిడ గొంతు వాడుకుంటానని ఆవిడని అడిగారా? మాట లేకపోయినా తల ఊపగలదు."

తలుపు తోసుకుని తల్లి లోపలికొచ్చింది. "బల్లి సంగతి తర్వాత. అక్కకేమైంది?"

చెప్పక తప్పలేదు. తల్లి కుప్పకూలలేదు. తడుముకుంటూ మంచం మీద కూర్చుంది.

"అయితే ఇన్నాళ్ళూ నేనెవరితో చెప్పుకున్నాన్రా? మీ నాన్న పోయినప్పుడు కూడా ఎవరితో అనని మాటలు అన్నాను. ఎక్కడికెళ్ళాయి అవన్నీ?"

"భద్రంగానే ఉంటాయమ్మా."

"ఎక్కడ?"

అతనికి తెలియదు. ఊళ్ళోవాళ్ళ మాటలు ఎక్కడ దాస్తున్నారని కంపెనీలన్నిటినీ నిలదీసేవాడు, తల్లి మాటల గురించి ఎవరినీ అడగలేదు.

"ఛీ! నా గుండె నాదిరా. నా అక్క కోసం పగిలితే పగలనీ. కారు తియ్యి."

"అమ్మా, నా ఉపన్యాసం..."

ఆడవాళ్ళిద్దరూ అతని వైపు, కాలికి అంటుకున్నదాన్ని చూసినట్టు చూశారు. తాళాలు తీసుకున్నాడు.

అక్కడ, చెల్లెల్ని చూడగానే మంచం మీదున్న పెద్దమ్మ మొహంలో ఒక పక్క వెలిగింది. మరుక్షణం గోడ వైపు తిరిగిపోయింది.

"అలుగు, అలుగు. ఇంకోళ్ళయితే ఈపాటికి కొట్టేవాళ్ళు." చెల్లెలు మంచం అంచున కూర్చుని జరిగిందంతా చెప్పింది. "ఏదో మర నన్ను పొగుడుతుంటే నువ్వే అనుకుని మురిసిపోయానే!"

బాగున్న చెయ్యి మెల్లగా లేచి చెల్లెలి భుజం పట్టుకుంది. ఇక వదల్లేదు. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

గుమ్మంలో నిలబడ్డ కొడుకుని తల్లి పిలిచింది. "ఇలా రా. ఏం చేశావో నీ నోటితో చెప్పు."

"పెద్దమ్మా, ఆ పరిస్థితుల్లో ఒక పొరపాటు జరిగింది..."

"జరగలేదు. నువ్వు చేశావు." తల్లి అడ్డుకుంది.

"నేనే చేశాను పెద్దమ్మా. నిన్నడక్కుండా నీ గొంతు తీసుకున్నాను. నువ్విలా ఉన్నావని అమ్మకి చెప్పలేదు. రావడానికి బద్ధకించాను."

బద్ధకం అన్నచోట చెయ్యి పైకి లేవలేదు. అంత చిన్న మాట ఏ సభలోనూ వాడిన మనిషి కాదు.

పెద్దమ్మ అతన్నే చూస్తూ ఏదో అనబోయింది. గాలి మాత్రమే వచ్చింది. ఆ యంత్రమైతే క్షణంలో 'పర్లేదు నాన్నా' అనేసేది. ఈవిడ అసలు మనిషి, అంత తేలిగ్గా లొంగదు. క్షమించిందో లేదో తెలియాలంటే ఆ మంచం పక్కన కూర్చోవాల్సిందే. అతను మోకాళ్ళ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"చాల్లే, ఏడిస్తే అయిపోదు," అంది తల్లి. "ఆ తడిగుడ్డ తీసి పెద్దమ్మ మొహం తుడువు."

భార్య గుడ్డ పిండి చేతికిచ్చింది. అతని చెయ్యి దగ్గరికి రాగానే పెద్దమ్మ పెదాలు బిగించింది. అతను ఆగాడు. గుడ్డ పట్టుకుని అలాగే కూర్చున్నాడు, ఆవిడ తనంతట తను మొహం ఇటు తిప్పేదాకా.