ఒక చుక్క నూనె

నిన్న పొద్దున కోడ్ క్లర్కును బస్టాపులో కాల్చేశారు. ఇవాళ ఇంకొకరి వంతు. ఎవరిదో తెలియదు.

"ఆ పేరు మైక్రోఫిల్మ్ మీద ఉంది. ఫిల్మ్ ఒక వాచీల షాపులో, పాత వాచీలో ఉంది. పదకొండింటికి హంతకుడొచ్చి దాన్ని కొంటాడు," అన్నాడు చీఫ్.

"ముందే షాపు మీద పడితే?" అన్నాడు ఏజెంట్. ఆఫీసులో అతన్ని గుడ్లగూబ అంటారు. చచ్చిపోయిన క్లర్కు అతనికి బావ, సొంత అక్క మొగుడు.

"బల్ల కింద యాసిడ్ సీసా ఉంది. ఫిల్మ్ అందులో పడిందా, పేరు మనకి దొరకదు. వాళ్ళు ఇంకో దారిన పంపుకుంటారు. అక్కడ మూడు వాచీలు పెడతారు, ఒకే మోడల్, మూడు వెర్షన్లు. ఫిల్మ్ ఒకదాన్లోనే. షాపువాడికి హంతకుడి మొహం తెలియదు. సరైన వెర్షన్ అడిగినవాడే వాళ్ళ మనిషి. తప్పు అడిగావో, మూడూ యాసిడ్‌లోకే. లోపల మన మనిషి ఉంటుంది. మెళ్ళో ముత్యాల దండ, అదే గుర్తు."

"మన మనిషేనా?"

"'వాన పడేట్టుంది' అంటుంది. అదే కోడ్ వర్డ్," అన్నాడు చీఫ్.

పదిన్నరకి గుడ్లగూబ నెరిసిన విగ్గుతో, చేతికర్రతో షాపులో కూర్చున్నాడు. నల్ల గుడ్డ మీద మూడు వాచీలు. మొదటిది నల్ల డయల్. రెండోదానికి తేదీ గడి. మూడోది తెల్ల డయల్, లావు అంకెలు.

"ఒకే పెట్టెలోవి తాతగారూ. నలభై ఏళ్ళుగా ఎవరూ మూత తియ్యలేదు," అన్నాడు షాపువాడు.

పక్క కుర్చీలో ముత్యాల దండ. సెంటు గుప్పుమంటోంది. "వాన పడేట్టుంది," అంది. కోడ్ వర్డ్ సరిపోయింది. తర్వాత పెదవి కదపకుండా, "మొదటిది అడగండి."

మరీ తొందరగా చెప్పింది. నిన్న బావకి కూడా ఎవరో కోడ్ వర్డ్ సరిగ్గానే చెప్పి ఉంటారు.

గుడ్లగూబ చెవి మిషన్ సవరించుకున్నాడు. ల్యాబ్‌వాళ్ళు చేసింది. చీమ నడిచినా వినిపిస్తుంది. ఒక్కో వాచీకీ కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొదటిది కుంటింది. రెండోది నాలుగడుగులేసి ఆగింది. నూనె ఎండి జిగురైతే అంతే.

మూడోది హాయిగా నడిచింది.

ఫిల్మ్ పెట్టి మూసెయ్యమని వాళ్ళ రిపేరువాడికి చెప్పి ఉంటారు. వాడి చెయ్యి ఊరుకోలేదు. ఎండిన వాచీని ఎండినట్టే మూస్తే అలాంటి పనివాడికి అన్నం సయించదు. ఒక చుక్క నూనె వేశాడు.

"మూడోది ఇవ్వు."

షాపువాడి మొహం మారింది. మారుమాట లేకుండా పొట్లం కట్టాడు. ముత్యాల దండ చెయ్యి బ్యాగులోకి పోయింది.

"కాస్త జరగమ్మా, చూపు ఆనదు," అంటూ గుడ్లగూబ చేతికర్ర ఆమె ఒడి మీద ఆనించాడు. కర్ర కొసన తూటా పట్టేంత రంధ్రం. ఆమె చూసింది. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

గోడ గడియారం పదకొండు కొడుతుండగా ఒక కోటువాడు తలుపు తోసుకొచ్చాడు.

"తెల్ల డయల్ వాచీ..."

"ఇప్పుడే అమ్ముడుపోయింది బాబూ," అని గుడ్లగూబ దగ్గాడు. బయట వ్యాన్ తలుపులు తెరుచుకున్నాయి. నిమిషంలో కోటువాడూ షాపువాడూ ముత్యాల దండా వ్యాన్‌లో ఉన్నారు.

ఆఫీసులో గుడ్లగూబ ఫిల్మ్‌ను భూతద్దం కింద పెట్టి చూశాడు. ఒకే పేరు. అక్కది.

ఫోన్ తీశాడు. "అక్కా, ఏం చేస్తున్నావు?"

"ఏం చేస్తాను. గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఎందుకు?"

"ఊరికే. భోజనానికి వస్తున్నా."

చీఫ్ అన్నాడు, "ఆ రిపేరువాణ్ణి కూడా సాయంత్రానికల్లా పట్టేస్తాం."

"పట్టుకోండి. చేతుల జోలికి మాత్రం పోకండి. అంత శుభ్రంగా పనిచేసేవాడు మన ఆఫీసులో ఒక్కడూ లేడు."